కాంటా మీద కూర్చున్న సమ్మమ్మ

వరంగల్ మిర్చి యార్డులో సమ్మమ్మ నోటికి జంకని మనిషి లేడు. ఆమె కూర్చున్న వరుస వైపు రావాల్సి వస్తే గుమాస్తాలు కొంచెం చుట్టు తిరిగి వచ్చేవాళ్లు. మనిషి చూస్తే పొట్టి. మూతికి పాత చీర పేలిక చుట్టుకుని, మిర్చి కుప్ప ముందు గొంతుక్కూర్చుని, ఎర్ర కాయ ఒక పక్కకు, తాలు కాయ ఒక పక్కకు విసురుతూ ఉండేది. రంగు పోయి తెల్లబడ్డ కాయను తాలు అంటారు. అది కలిస్తే రైతు సరుకుకు ధర పడిపోతుంది. అందుకే సీజన్ వచ్చిందంటే ఆడవాళ్లు వరుసలు కట్టి కూర్చుని ఏరాలి. ఘాటుకు తుమ్ములు, దగ్గు, కళ్లలో నీళ్లు. ఇంటికి పోయి మజ్జిగతో కడిగినా చేతుల మంట పోదు.

ఒక ఎండాకాలం, రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి యజమాని వీరభద్రం సేటు, ఆడవాళ్లు మాటిమాటికి నీళ్లకు లేస్తున్నారని, తాగే నీళ్ల కుండను గేటు దగ్గరికి మార్పించాడు. సమ్మమ్మ ఆ కుండను నెత్తి మీద పెట్టుకుని తిన్నగా సేటు కూర్చునే గద్దె మీదికి తెచ్చి దించింది.

"ఈడనే ఉండనీ సేటు. మేం ఎన్నిసార్లు లేస్తానమో మీకు మంచిగ కనవడ్తది," అంది.

కుండ మళ్లీ పాత చోటికే వచ్చింది. సేటుకు కోపం రాక కాదు. కానీ సమ్మమ్మ ఏరిన కుప్పకు ఏ వ్యాపారీ వంక పెట్టలేడు. ఆ చెయ్యి కోసం ఆ నోటిని ఓర్చుకున్నాడు.

ఆమెది ములుగు దాటినాక అడవి అంచున ఒక ఊరు. తల్లి మేడారం జాతర నుంచి తిరిగి వస్తూ ఎడ్లబండిలోనే కన్నదట. అందుకే సమ్మక్క తల్లి పేరే పెట్టారు. "నేను బండిల ఒర్రుకుంటనే పుట్టిన. ఇప్పుడు నోరు మూస్కో అంటే మూస్తనా," అనేది. బడికి పోలేదు. కొమురెల్లిని పెళ్లాడి వరంగల్ వచ్చింది. రైలు పట్టాల అవతల ఒక రేకుల గదిలో కాపురం. ఉన్న ఒక్క బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరిగింది.

కొమురెల్లి ఆమెకు పూర్తిగా ఎదురు మనిషి. యార్డులో హమాలీ. ఒళ్లు గట్టిది, మాట తక్కువ. "నా మాటలు సుత అదే మాట్లాడ్తది," అని నవ్వేవాడు. నిండు బస్తా వీపు మీద వేసుకుని పరుగు లాంటి నడకతో పోయేవాడు. దించేటప్పుడు కూడా చప్పుడు కానిచ్చేవాడు కాదు.

హమాలీలు జట్లుగా పని చేస్తారు. కొమురెల్లి ఉన్న జట్టుకు మేస్త్రీ వెంకటయ్య. ఆ జట్టులో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా ఎవరు చేరినా, బస్తాను పట్టి లాగే తన ఇనుప కొక్కేన్ని అందరి కొక్కేల మీద పెట్టి, వాటి మీద చెయ్యి వేసి, నాది అన్నది లేదు అని చెప్పాలి. ఆ రోజు నుంచి బీడీ ఒకటే, కల్లు ముంత ఒకటే, సద్ది ఒకటే. ఎవడన్నా జ్వరాన పడితే వాడి వంతు బరువు మిగిలినవాళ్లు మోసి వాడి కూలి వాడి ఇంటికి చేర్చేవాళ్లు. నడుములు విరిగే పని కాబట్టి నొప్పుల బిళ్లలు అందరి రొండిన, నడుం దగ్గర పంచె మడతలో, ఉండేవి. బిళ్ల అడిగితే లేదనడం జట్టులో పెద్ద తప్పు. తన దగ్గర ఉండి, ఎదుటివాడు నొప్పితో ఉంటే, అడగకముందే ఇవ్వాలి.

పద్ధతి మంచిదే. దానివల్లనే కొమురెల్లి ప్రాణం మీదికి వచ్చింది.

ఎనభై నాలుగులో వానలు పడే రోజుల్లో కొమురెల్లి మొదటిసారి బస్తా కింద కూలబడ్డాడు. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. పళ్లు తోముకుంటే నెత్తురు వచ్చేది, ఒంటి మీద ఎర్ర చుక్కలు లేచేవి. పెద్ద దవాఖానలో చూసి హైదరాబాదు పంపారు. రక్తంలో కేన్సర్ అన్నారు. నెత్తురు బొక్కల లోపలి మూలుగలో తయారవుతుందని, అక్కడ చెడ్డ కణాలు పుట్టుకొస్తున్నాయని సమ్మమ్మకు తెలిసింది అప్పుడే. హైదరాబాదులో గట్టి ఇంజెక్షన్లు ఇచ్చారు. వెంట్రుకలు ఊడిపోయాయి, మనిషి సగమయ్యాడు. కానీ రోగం అణిగింది. చలికాలం వచ్చేసరికి సొంత కాళ్ల మీద నడుచుకుంటూ వరంగల్‌లో రైలు దిగాడు. మళ్లీ మొలవకుండా గోళీలు చాలా కాలం మింగాలన్నారు.

హనుమకొండ నుంచి పెద్ద దవాఖానకు వచ్చే డాక్టర్ నిర్మల ఆ గోళీలు ఇచ్చేది. ఇలాంటి రోగుల్ని హైదరాబాదులో చూసి వచ్చిన మనిషి. మాట మెత్తన, పని గట్టి. మొదట్లో వారం వారం వచ్చి నెత్తురు చూపించుకు పొమ్మంది. తర్వాత జ్వరం తగిలితే వార్డులోనే పెట్టుకుంది. మంచం కిటికీ పక్కన. సమ్మమ్మ పొద్దంతా యార్డులో ఏరి, సాయంత్రం వార్డుకు వచ్చి మంచం కింద చాప వేసుకునేది. పని దిగినాక జట్టంతా వచ్చి మంచం చుట్టూ చేరేది. ఎవరో ఒకరు అరటిపండో, బన్నో, ఇంత సున్నుండో కొమురెల్లి చేతిలో పెట్టి పోయేవారు.

మిర్చి రాశులు యార్డు నిండా పడ్డ రోజుల్లో అంతా తిరగబడింది. చిగుళ్ల నుంచి మళ్లీ నెత్తురు. నోట్లో పుండ్లు లేచి గంజి కూడా దిగలేదు. జ్వరం దిగితే ఒట్టు. నిర్మల గోళీలు ఆపేసి, నడుము బొక్కలో సూది పెట్టి మూలుగ తీసి చూసింది. తర్వాతి రోజు సమ్మమ్మను వార్డు బయట బల్ల మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది.

"నేను రోగం తిరిగొచ్చిందనుకున్న, సమ్మమ్మా. రాలేదు. చెడ్డ కణాలు లేవు."

"మంచిదే గదా డాక్టరమ్మా."

"మంచిదే. కాని మంచి కణాలు సుత లేవు. చేన్ల కలుపు మందు కొడితే కలుపుతోపాటు పైరు సుత మాడిపోయినట్టున్నది."

"ఎవలు కొట్టిన్రు ఆ మందు?"

"మేమే. మా గోళీ పనే అది. కాని ఇన్ని నెలలు అదే గోళీ, అంతే మోతాదు, ఒంటికి మంచిగ పట్టింది. ఇప్పుడే ఎందుకు ఇంత మాడ్చిందో నాకు సమజైతలేదు. ఇంకేమన్న మింగుతాండా? పసరు, చూర్ణం, బిళ్ల, ఏదన్న?"

"ఏం లేదు. సమ్మక్క తల్లి మీద ఒట్టు. నేను పెట్టంది ఆయన నోట్లకు మెతుకు పోదు."

"అట్లయితే ఆయన ఒళ్లే ఓర్వలేకపోతాందనుకోవాలె. మా పెద్దసారు అదే అంటాండు. గోళీలు ఇంక మొత్తానికే బంద్ చేసి ఇంటికి పంపుమంటాండు."

"బంద్ జేస్తే?"

"రోగం మల్ల మొలుస్తది."

సమ్మమ్మ తన చేతుల వైపు చూసుకుంది. వేళ్లు మిర్చి రంగు పట్టి ఎర్రగా ఉన్నాయి. "ఇంక తొవ్వ లేదా?"

"బొంబాయి దిక్కు వేరే మనిషి మూలుగ తీసి పెడుతున్నరు. గాని తోడబుట్టినోళ్లది అయితే కలుస్తది, అదీ అందరిదీ కాదు."

"ఆయనకు తోడవుట్టినోళ్లు లేరు. నాది తీస్కో."

"నీది కలవదమ్మా."

"ఒక్క కంచంల తిన్నోళ్లం, ఎట్ల కలువది?"

నిర్మలకు నవ్వు వచ్చింది, కానీ ఆ నవ్వు ముఖం మీద నిలవలేదు. "అది కంచంతోని తేలేది కాదు. మూలుగ పెట్టినంక సుత అక్కడ ఎంత జాగ్రత్తో తెలుసా? నెత్తి నొస్తాందన్నా పెద్ద డాక్టరును అడగకుండ బిళ్ల ఇయ్యరు. రెండు మందులు లోపల కలిస్తే ఒకదాన్ని ఒకటి ఏం చేస్తదో చెప్పలేం. అందుకే నిన్ను అడిగిన."

అప్పుడే వార్డులో పని చేసే బక్కమ్మ వచ్చి, "సామాన్లు సదురుకో అక్కా, పెద్దసారు రాసిండు, మంచం వేరేటోళ్లకు కావాల్నట," అంది.

"పెద్దసారుకు చెప్పు బక్కమ్మా," అంది సమ్మమ్మ లేస్తూ. "మంచం కావాల్నంటే నన్ను లేపి తీస్కపొమ్మను. చచ్చేటోన్ని ఇంటికి తోల్తె దవాఖాన ఎందుకు, నా ఇల్లు లేదా."

"నన్నెందుకు తిడ్తవే," అని బక్కమ్మ వెళ్లిపోయింది. నిర్మల ఆమె వెనకాలే పెద్దసారు గదిలోకి పోయింది. కాసేపటికి బయటికి వచ్చి, "కొన్ని రోజులు ఆగుమన్న. జ్వరం దిగేదాక ఉండనిస్తడు. ఆ తర్వాత నా చేతిల లేదు," అంది.

సమ్మమ్మ లోపలికి పోయి తడి గుడ్డతో కొమురెల్లి ఒళ్లు తుడిచింది. డాక్టరమ్మ అడిగిందీ తను చెప్పిందీ అంతా చెప్పింది. ఒట్టు మాట వినగానే అతను కళ్లు తెరిచాడు.

"ఎవల మీద ఒట్టేసినవ్?"

"సమ్మక్క మీద."

"తీసెయ్."

"ఏంది?"

"ఒట్టు తీసెయ్, సమ్మీ. తల్లి మీద అబద్ధం పడ్తది." మాట మాటకు ఆగాడు. పెదవుల మీద పుండ్లు. "నేను ఒక బిళ్ల మింగుతాన. కాళ్ల బొక్కలు గుంజుతాంటే. రోజుకొకటి. నువ్వు రాకముందు."

సమ్మమ్మ చేతిలో గుడ్డ అక్కడే ఆగిపోయింది. "ఏ బిళ్ల?"

"తెల్లది."

"లోకంల బిళ్లలన్నీ తెల్లవే. ఎవలిచ్చిన్రు?"

కొమురెల్లి గోడ వైపు తిరిగాడు.

"నిన్నే అడుగుతాన. ఎవడు ఇచ్చిండు?"

"జట్టు."

"జట్టుకు చెయ్యుంటదా? బిళ్ల ఇచ్చిన చెయ్యి ఎవలది?"

"చెప్ప. కొక్కెం మీద చెయ్యేసినోన్ని. పోలీసులు పట్టుకపోతరు వాన్ని. నా పానం బాగుకే ఇచ్చిండు వాడు."

"నువ్వు పోతే నీ మాట ఎవలు మోస్తరు? వెంకటయ్య మామ మోస్తడా, బస్తాతోపాటు?"

ఎంత అడిగినా అతను పేరు చెప్పలేదు. జ్వరంతో మూసుకున్న ఆ కళ్లను చూస్తూ ఆమెకు కోపం వచ్చింది, ఏడుపు రాలేదు. నిర్మల దగ్గరికి పోయి తన ఒట్టు తప్పని చెప్పింది. నిర్మల ముఖంలో ఒక్కసారి జీవం వచ్చింది.

"ఏ బిళ్లో చూస్తె తప్ప నేను చెప్పలేను. ఊకె బిళ్ల మింగిండని చెప్తే పెద్దసారు నమ్మడు. పట్టుకరా. ఒక్కటి దొరికినా సాలు. దాంతోనే మాడిందని తేలితే గోళీలు మల్ల మొదలువెట్టొచ్చు."

యార్డులో ఆ రోజు బండ్లు గేటు దాటి రోడ్డు దాకా ఉన్నాయి. వీరభద్రం సేటు అడ్తి ముందు తూకం సాగుతోంది. జట్టు షెడ్డు నీడలో సద్ది తింటోంది. సమ్మమ్మ వాళ్ల మధ్యకు పోయి నిలబడింది.

"కొమురెల్లికి బిళ్ల ఎవలిచ్చిన్రు?"

ఎవరూ తల ఎత్తలేదు. పాత మనిషి కట్టయ్య, కొమురెల్లికి అందరికన్నా దగ్గరివాడు, ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. వెంకటయ్య మేస్త్రీ మూతి తుడుచుకున్నాడు.

"కూసో బిడ్డ. జర అన్నం తిను."

"అన్నం ఒద్దు మామ. బిళ్ల కావాలె. అది సూస్తెనే డాక్టరమ్మ ఆయన్ను బతికిస్తది."

"డాక్టరమ్మ చేతిల పెడ్తె రేపు పోలీసుల చేతిల ఉంటది. ఆ అవతలి యార్డుల ఒకడు ఇంకోనికి ఏదో తాపిచ్చిండని వారం రోజులు లోపలేసిన్రు, ఎరుకనా? ఒకని కోసం ఇంకోన్ని ఇయ్యలేం, కోడలా. గిది జట్టు."

"ఒకడు చస్తాంటె సద్ది తినేది జట్టా?"

"నోరు జర తక్కువ చెయ్."

సమ్మమ్మ చుట్టూ చూసింది. తూకం కాంటా ఆమె ఎదురుగానే ఉంది. లావుపాటి దూలానికి గొలుసులతో వేలాడే రెండు చెక్క పలకలు. ఒక పలక మీద రాళ్లు పెడతారు, ఇంకో పలక మీద బస్తా. అది నడిస్తేనే యార్డు నడుస్తుంది. అప్పుడే ఒక బస్తా దించారు, పలక ఖాళీగా ఊగుతోంది. సమ్మమ్మ పోయి దాని మీద కూర్చుంది. మూతికి చుట్టిన పేలిక విప్పి ఒళ్లో పెట్టుకుంది. రెండు చేతులతో రెండు గొలుసులు పట్టుకుంది.

గుమాస్తాకు మొదట అర్థం కాలేదు. "ఏయ్, లెవ్వు. బస్తా ఎక్కియ్యాలె."

"నన్నే తూకం వెయ్."

"పిచ్చి లేసిందా నీకు?"

"బిళ్ల ఎవలిచ్చిన్రో వచ్చి చెప్పేదాక లెవ్వ."

వెనక బండి మీద ఉన్న రైతు, "తాలు గిట్ల ఏరిన్రా లేదా ఆమెల, జర చూసి తూకం వెయ్యిన్రి," అన్నాడు. నాలుగైదు బండ్ల దాకా నవ్వులు పాకాయి. సమ్మమ్మ అటు తిరిగి, "నీ సరుకుల తాలు ఏరేది నేనే అన్నా. నవ్వుకో. సాయంత్రందాక ఈడనే కూసుంట, నవ్వుకుంటనే ఉండు," అంది. నవ్వులు తగ్గాయి.

వీరభద్రం సేటు గద్దె దిగి వచ్చాడు. కండువా భుజం మీద సర్దుకుంటూ కాంటా ముందు నిలబడ్డాడు.

"సమ్మమ్మా, బండ్లు నిలవడ్డయ్. నీ ఇంటి ముచ్చట నా కాంటా మీద ఏంది?"

"కుండ మీ గద్దె మీద పెట్టిన్నాడు సుత గిట్లనే అన్నరు సేటు."

"ఇయ్యాలటి నుంచి నా అడ్తిల నీకు పని లేదు. ఇప్పుడన్న లెవ్వు."

"పని ఇయ్యకున్రి. నేను లేసినంక. ఇప్పుడు లెవ్వ."

సేటు జట్టు వైపు చూసి, "వెంకటయ్యా, లేపి పక్కకు పెట్టు," అన్నాడు. మేస్త్రీ కదలలేదు. ఆడమనిషి మీద చెయ్యి వెయ్యడానికి హమాలీలెవరూ ముందుకు రాలేదు. గుమాస్తా చెయ్యి చాపబోతే, ఏరే వరుసలోంచి మొగిలమ్మ లేచింది. ఆమె వెనక ఇంకొకామె. మిర్చి రంగు పట్టిన చేతులతో వచ్చి కాంటా చుట్టూ నిలబడ్డారు. ఆ చేతులు కళ్లకు తగిలితే ఏమవుతుందో గుమాస్తాకు తెలుసు. వెనక్కు తగ్గాడు.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. గొలుసు వేడెక్కింది. సమ్మమ్మ వదల్లేదు. రోడ్డు మీద బండ్ల వాళ్లు కేకలు వేస్తున్నారు. ఎవరో నీళ్లు తెచ్చి ఇస్తే తాగింది. ఆమె జట్టు వైపు చూడటం మానేసింది. చూడకపోవడమే వాళ్లను ఎక్కువ కాల్చింది.

చివరికి కట్టయ్య లేచాడు. మేస్త్రీ అతని చెయ్యి పట్టుకున్నాడు. కట్టయ్య విడిపించుకుని కుంటుకుంటూ వచ్చాడు. కుడి కాలి బొటనవేలు వాచి, చాలా రోజులుగా అతను అట్లాగే నడుస్తున్నాడు. కాంటా ముందుకు వచ్చి, రొండిన దోపుకున్న పొట్లం తీశాడు.

"నేనే, చెల్లె."

సమ్మమ్మ గొలుసులు వదల్లేదు. "ఎన్ని ఇచ్చినవన్నా?"

"రోజుకొకటి. నా వేలు వాపుకు డాక్టరు ఇచ్చిండు. మంట, గుంజుడు, అన్నీ తగ్గినయ్ దీంతోని. వానికి సుత కాళ్ల బొక్కలు గుంజుతానయ్ అంటె..." ఆగాడు. "నాకు మంచిగైంది. వానికి చెడ్డెట్లయితది? నేను మింగేదే వానికి పెట్టిన. సగం రోజులు నేను మింగకుండ వానికి పెట్టిన, గందుకే వేలు మల్ల వాచింది."

ఆ మాటకు ఆమె పలక మీద నుంచి దిగింది. కోపం అంతా పోలేదు, కానీ దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. "నడువు," అంది.

"పోలీసులు..."

"వస్తే నన్ను పట్టుకపొమ్మంట. నేను కాంటా ఆపినదాన్ని. నీకన్న పెద్ద దొంగను. నడువన్నా, జర జల్ది."

అతను కుంటుతూ, ఆమె ముందు ముందు పోతూ ఆగుతూ, గేటు దాటారు. వెనక నుంచి వెంకటయ్య మేస్త్రీ కేకేసి ఒక రిక్షాను ఆపాడు. దాన్ని మాత్రం ఆయనే పిలిచాడు.

వార్డులో నిర్మల పొట్లం విప్పి, కొమురెల్లి మంచం పక్క కిటికీ వెలుగులో బిళ్లను చూసింది. కట్టయ్య దగ్గర చీటీ కూడా ఉంది, మడత పడి చెమటకు తడిసింది. అది చదివి బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడిపోయింది. ఆమె కోప్పడుతుందని కట్టయ్య తల వంచాడు. ఆమె కోప్పడలేదు.

"ఇది విషం కాదు," అంది. "నీ వేలుకు ఇదే సరైన మందు. మానొద్దు, నువ్వు మింగు. కాని ఆయనకు మేమిచ్చే గోళీ ఉన్నది చూడు, అది ఒంట్ల పడ్డంక ఒళ్లు దాన్ని కొంచెం కొంచెం కరిగించి బయటికి పంపుతది. మేం ఇచ్చే మోతాదు ఆ లెక్కతోనే. నీ బిళ్ల ఆ కరిగించే పనిని ఆపుతది. గోళీ కరగకుండ లోపలనే కుప్ప పడ్డది. ఒకటి మింగితే నాలుగు మింగినట్టు."

కట్టయ్యకు అర్థం కాలేదని సమ్మమ్మకు తెలిసింది. "అన్నా, దించేటోళ్లను ఆపితె బస్తాలేమైతయ్?"

"వీపు మీదనే పడ్తయ్."

"ఒకటి దించకముందే ఇంకోటి. గట్ల."

కట్టయ్య గోడకు ఆనుకుని కూలబడి ముఖం చేతుల్లో దాచుకున్నాడు. నిర్మల అతని ముందు వంగి, "నీ మీద కేసు లేదు, ఏం లేదు. నువ్వు తెచ్చినవ్ గనుకనే తెలిసింది. ఈ రెండు కలిస్తే ఇట్ల అయితదని మా పుస్తకాలల్ల ఉన్నది. ఈ బిళ్ల సంగతి మొదట్లనే తెలిస్తే ఇంత దూరం రాకపోవు," అంది.

ఆ మాట కట్టయ్యతో అన్నదే. మంచం మీద కొమురెల్లికి కూడా వినపడింది.

పెద్దసారు ఆ సాయంత్రం వచ్చాడు. చీటీ చూసి, బిళ్ల చూసి, నిర్మలను రెండు మాటలు అడిగాడు. తర్వాత సమ్మమ్మ వైపు తిరిగి, "మంచం ఉండనియ్," అని వెళ్లిపోయాడు. బక్కమ్మ సర్దిపెట్టిన సామాన్ల మూట తనే విప్పింది.

అంతటితో గండం గడిచిందని కాదు. మూలుగ ఖాళీగా ఉన్న మనిషికి చిన్న జ్వరం కూడా పెద్దదే. నిర్మల ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు ఇచ్చింది. ఇప్పుడు నెత్తురు ఎక్కించాలన్నారు. జట్టులో రక్తం కలిసిన వాళ్లు వరుస కట్టి ఇచ్చారు. కట్టయ్య తనదీ తీసుకొమ్మన్నాడు. "నీది ఒద్దు, నువ్వు మందు మింగేటోనివి," అని నిర్మల అంటే, అతను ఆ వరుస పక్కనే కూర్చుని ఇచ్చేవాళ్ల చెప్పులు కాపలా కాశాడు. సమ్మమ్మ మంచం దగ్గర కూర్చుని ఎవరు ఏది తెచ్చినా విప్పి చూసేది. పండు తెస్తే వాసన చూసేది. "నేనేం విషం తెస్తనా వదినె," అని ఒకడు నొచ్చుకుంటే, "నీ మీద నమ్మకం ఉన్నది, నీ రొండి మీద లేదు," అంది. ఆ మాట తర్వాత యార్డులో చాలా రోజులు తిరిగింది.

మెల్లగా నోటి పుండ్లు మానాయి. జ్వరం దిగింది. ఒక పొద్దున నిర్మల నెత్తురు చీటీ చేతిలో పట్టుకుని వచ్చి, "మొలకెత్తుతాంది," అంది. కొన్నాళ్లకు అదే గోళీ మళ్లీ, మొదట తక్కువ మోతాదుతో, మొదలుపెట్టింది. ఈసారి ఒళ్లు తట్టుకుంది. బిళ్ల గురించి ముందే ఎందుకు చెప్పలేదని కొమురెల్లిని సమ్మమ్మ మళ్లీ అడగలేదు. అతనే ఒకసారి, "నేను చెప్పకపోతి. నువ్వు కాంటా ఎక్కితివి," అన్నాడు. ఆమె, "ఎక్కక ఏం జెయ్యాలె," అంది. అంతే.

జట్టు కొక్కెం పద్ధతి మానలేదు. కానీ చెయ్యి వేసేటప్పుడు వెంకటయ్య మేస్త్రీ ఒక మాట కలిపాడు. నాది అన్నది లేదు, నా మందు తప్ప. మొదట్లో కొందరు నవ్వారు. కట్టయ్య ఎప్పుడూ నవ్వలేదు.

వీరభద్రం సేటు మాట మాటే. ఆ సీజన్ అంతా సమ్మమ్మకు తన అడ్తిలో పని ఇవ్వలేదు. ఆమె పక్క అడ్తిలో, సేటుకు కనిపించే చోటే కుప్ప వేసుకుని కూర్చుంది. పొద్దున పోతూ, "రామ్ రామ్ సేటు," అనేది. ఆయన తల తిప్పుకునేవాడు. ఏరిన సరుకు తేడా మాత్రం ఆయనకు కనిపిస్తూనే ఉండేది.

ఎనభై ఆరులో జాతర వచ్చింది. మేడారం తల్లులకు బెల్లాన్ని బంగారం అని మొక్కుతారు. కోలుకున్న మనిషిని తూచి, అంత ఎత్తు బంగారం మోసుకుపోయి ఇస్తారు. సమ్మమ్మ దవాఖానలోనే మొక్కుకుంది. తప్పుడు ఒట్టు కూడా తల్లి దగ్గర తీసేసుకోవాలి కదా. బయలుదేరే ముందు జట్టులో తలా ఒక బెల్లం ముద్ద తెచ్చారు. ఎక్కడ తూచాలనే మాట వచ్చింది. కిరాణా కొట్లో కాంటా ఉంది, రైలు గేటు దగ్గర కాంటా ఉంది. సమ్మమ్మ వినలేదు. కొమురెల్లిని తీసుకుని తిన్నగా వీరభద్రం సేటు అడ్తికి వచ్చింది. వెనక జట్టు, బెల్లం మూటలతో. కొత్త మిర్చి అప్పుడప్పుడే యార్డులోకి దిగుతోంది.

"ఇది మిర్చి కాంటా," అన్నాడు సేటు గద్దె మీద నుంచి.

"ఎరుకే సేటు. నేను ఒకపారి తూగిన దీని మీద. ఇయ్యాల ఆయన తూగుతడు."

గుమాస్తా సేటు ముఖం చూశాడు. సేటు పంచాంగం తీసి చదవడం మొదలుపెట్టాడు. వద్దనలేదు, సరే అనలేదు. వెంకటయ్య మేస్త్రీ పలక మీద తువ్వాల పరిచాడు. కొమురెల్లి గొలుసు పట్టుకుని సిగ్గుపడుతూ ఎక్కి కూర్చున్నాడు. రాళ్లు పెట్టే పలక మీద బెల్లం ముద్దలు ఒక్కొక్కటీ పెట్టారు. కట్టయ్య చివరి ముద్ద పెట్టకముందే దూలం సమానంగా నిలిచింది.

"తక్కువ తూగిండు," అన్నాడు కట్టయ్య, చేతిలో మిగిలిన ముద్దతో ఏం చెయ్యాలో తెలియక.

"పెట్టు," అంది సమ్మమ్మ.

"ఎక్కువైతది చెల్లె."

"పెట్టన్నా. ఎక్కువే పెట్టు. తల్లికి మల్ల జాతర రెండేండ్లకున్నది. అప్పటికి ఈయన గా ముద్దంత పెరిగి వస్తడు." ఆమె గద్దె వైపు తిరిగింది. "ఈ కాంటా అప్పుడు సుత కావాలె సేటు. జర మంచిగ చూస్కోన్రి."

సేటు పంచాంగం పేజీ తిప్పాడు. కట్టయ్య ముద్ద పెట్టాడు. పలక నేలకు దిగింది, కొమురెల్లి గాలిలోకి లేచి, గొలుసు గట్టిగా పట్టుకున్నాడు.